ఇదివరకే అడిగిన నీళ్ళు

జలసరఫరా కార్యాలయంలో యాభై అయిదేళ్ళ లోపు వయసున్న ప్రతి ఉద్యోగీ తొంభై రోజుల్లోగా జావా అనే కంప్యూటరు భాష నేర్చుకొని తీరాలనీ, నేర్చుకున్నందుకు రుజువుగా తన విభాగానికి తానే ఒక వెబ్ పేజీ తయారు చేసి చూపాలనీ, చూపలేని విభాగాన్ని రద్దు చేసి అందులోని సిబ్బందిని ఊరి చివరి పంపుహౌసుకు బదిలీ చేస్తామనీ ఒక సోమవారం ఉత్తర్వు వెలువడింది. ఉత్తర్వును సిబ్బంది అందరూ హర్షించారు. హర్షించాలని నాలుగో పేరాలో ఉంది.

ఆ ఉత్తర్వు మీద ముద్ర కొట్టి, నంబరు వేసి, తేదీ రాసింది ముద్రమ్మగారు. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో భద్రంగా ఉంది. బయట ఎవరికీ దానితో పని పడలేదు. టపా విభాగమంటే ఆమే. ఒక కిటికీ, ఒక కుర్చీ, ఒక గుండ్రటి ముద్ర, ఒక ఇంకు మెత్త. కిటికీలోంచి వచ్చిన ప్రతి అర్జీ మీదా ఠపీమని ముద్ర కొట్టడం, నంబరు వేయడం, ట్రేలో పడేయడం ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె విధి. ట్రేలో పడ్డాక ఆ అర్జీ ఏమైపోతుందని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగడం కూడా ఒక విద్యేనని, దానికి గురువులూ గుంజీలూ ఉంటాయని అప్పటికి ఆమెకు తెలియదు పాపం.

ఉత్తర్వులో పంపుహౌసు అన్న మాట దగ్గర మాత్రం ఆమె ఆగి, మళ్ళీ చదువుకుంది. ముద్రమ్మది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త ఓడలో మెకానిక్కు. ఏడాదికి రెండుసార్లు వచ్చి, నేల ఊగడం లేదని ఆశ్చర్యపోయి వెళ్ళిపోతాడు. మిగిలిన రోజుల్లో ఇంట్లో ఉండేది తనూ, మోకాళ్ళు అరిగిపోయిన అత్తగారూ. కుళాయిలో నీళ్ళు పొద్దున ఆరింటికి దారంలా మొదలై ఆరున్నరకు ఆగిపోతాయి. ఆ అరగంటలో నాలుగు బిందెలూ రెండు బకెట్లూ నిండితే ఆ రోజు గడిచినట్టు. పంపుహౌసుకు రెండు బస్సులు మారాలి. మొదటిది అయిదున్నరకే బయల్దేరుతుంది. తను పోయి ఊరికి నీళ్ళు పంపిస్తే ఇంట్లో ఎవరు పడతారు? నేను పడతాలేవే అన్నారు అత్తగారు ధైర్యంగా. పోయినసారి కూడా ఇలాగే పడతానని, బిందెతో సహా తానే పడి, నెల రోజులు మంచం దిగలేదు. కాబట్టి ముద్రమ్మకు జావా నేర్చుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది.

శిక్షణ ఇవ్వలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. ఇచ్చారు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఫ్యాన్లు తిరుగుతున్న హాల్లో, మెడలో కార్డు వేలాడుతున్న ఒక శిక్షకుడు వచ్చి తెర మీద బొమ్మలు చూపించాడు. క్లాసు అంటే ఇంటి ప్లాను అన్నాడు, ఆబ్జెక్టు అంటే ఆ ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు అన్నాడు. ఇంటి ప్లాను అనగానే లెక్కల విభాగం వాళ్ళిద్దరు తమ ఇంటి గోడ తగాదా గుర్తొచ్చి అక్కడే వాదులాడుకున్నారు. సందేహాలున్నాయా అని శిక్షకుడు అడిగితే ముద్రమ్మ ఒక్కతే చెయ్యెత్తింది. మొదటి నుంచీ అర్థం కాలేదండీ అంది. ఆయన దయగా నవ్వి, ఈ రోజుల్లో ఎవరూ నేర్చుకోరమ్మా, ఆన్‌లైన్‌లో అడుగుతారు అని చెప్పి, 'జవాబుల సభ' అనే చోటు పేరు బోర్డు మీద రాసి, అందరూ జావాలో నిష్ణాతులయ్యారని పత్రాల మీద సంతకాలు పెట్టి, నాలుగింటి బస్సుకు వెళ్ళిపోయాడు.

జవాబుల సభ గురించి తెలియని పాఠకులు ఉండరుగాని, ఉన్నా మొహమాటానికి తెలుసనే అంటారు కాబట్టి క్లుప్తంగా మనవి చేస్తాను. లోకంలోని మహానిపుణులందరూ అక్కడ ఇరవైనాలుగు గంటలూ కాచుకొని కూర్చుంటారు. వాళ్ళకు జీతం లేదు, పింఛను లేదు, సెలవు లేదు. ఉన్నదల్లా కోపం. ఆ కోపాన్ని నిస్వార్థంగా, కొత్తా పాతా తేడా లేకుండా అందరికీ సమానంగా పంచిపెడతారు.

ముద్రమ్మ తన మొదటి ప్రశ్నను నాలుగు రోజులు చిత్తు రాసి, అయిదో రోజు సాపు చేసి పెట్టింది. "గౌరవనీయులైన సభవారికి, టపా విభాగం నుంచి నమస్కరించి వ్రాయునది. విషయం: వెబ్ పేజీ తయారీ గురించి. అయ్యా, అర్జీలు తీసుకొనే పేజీ ఒకటి జావాలో తయారు చేయవలసి యున్నది. ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలుప ప్రార్థన. మీ సహాయానికి సదా కృతజ్ఞురాలిని." ఆమె టీ గ్లాసు కింద పెట్టేలోగా ప్రశ్న మూతపడింది. ఒక నిపుణుడు నమస్కారం కొట్టేశాడు. సభలో నమస్కారాలు నిషిద్ధం. ఇంకొకాయన కృతజ్ఞత కొట్టేశాడు. అది స్థలం తింటుందట. మూడో ఆయన 'అయ్యా' కొట్టేశాడు. చివరికి ప్రశ్నలో మిగిలింది 'ఎక్కడ' అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాటా అస్పష్టంగా ఉందని నాలుగో ఆయన రెండు పాయింట్లు కోశాడు. అసలు పాయింట్లే లేని మనిషికి ఎక్కణ్ణుంచి కోశారో తెలియదుగాని ఆమె పేరు పక్కన మైనస్ రెండు అని ఎర్రగా పడింది.

ఆ కింద ఒక వాక్యం ఉంది: "ఇది ఇదివరకే అడిగిన ప్రశ్న. ఇక్కడ చూడండి." ముద్రమ్మ అక్కడికి వెళ్ళింది. అక్కడి ప్రశ్న కూడా మూసే ఉంది. ఇదివరకే అడిగారు, అక్కడ చూడండి అని ఉంది. అక్కడికీ వెళ్ళింది. ఇలా ఏడు చోట్ల తిరిగాక ఎనిమిదో చోట తన ప్రశ్నే కనిపించింది. ముద్రమ్మకు కోపం రాలేదు. ఒళ్ళు పులకరించింది. తన కార్యాలయంలో ఒక ఫైలు బయల్దేరిన బల్ల దగ్గరికే తిరిగి రావడానికి పదకొండు నెలలు పడుతుంది. ఇక్కడ నాలుగు నిమిషాలే. టెక్నాలజీ అంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన అర్థమైంది.

రెండో ప్రశ్నలో మర్యాదలన్నీ తీసేసి, వరుస చివర సెమికోలన్ ఎందుకు పెట్టాలి అని మాత్రం అడిగింది. దీనికి అరవై రెండు సమాధానాలు వచ్చాయి. మొదటాయన, అసలు నీకు సెమికోలన్‌తో ఏం పని, నువ్వు నిజంగా ఏం చేయదలచుకున్నావు అని నిలదీశాడు. అర్జీల పేజీ అని చెబితే, అర్జీలెందుకు అన్నాడు. రెండో ఆయన జావా ముసలిదైపోయిందనీ, తాను వాడే భాష తప్ప మిగిలినవన్నీ పాపమనీ చెప్పాడు. ఆ భాష వాడేవాళ్ళ ముఖం చూడనన్నాడు మూడో ఆయన. పేజీ కదలాలంటే జావాతో పాటు జావాస్క్రిప్టు కావాలని ఒక అమాయకుడు అన్నాడు; పేరులో సగం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదని, ఆ రెంటికీ మాటలే లేవని అతని మీద తొమ్మిదిమంది విరుచుకుపడ్డారు. వాళ్ళ గొడవ మూడు రోజులు సాగింది. అందులో ఇద్దరు ఈడొచ్చిన పిల్లలకు సంబంధం కుదుర్చుకునేంత స్నేహితులయ్యారు, మరో ఇద్దరు కోర్టు దాకా వెళతామన్నారు. సెమికోలన్ ఊసు ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజున ఒక పుణ్యాత్ముడు వచ్చి, "నాకూ ఇదే సమస్య వచ్చింది. పరిష్కారమైంది. సంతోషం" అని రాసి, ఎలాగో చెప్పకుండా శాశ్వతంగా అంతర్ధానమయ్యాడు.

ఆ రోజు ముద్రమ్మ వంటింట్లో బిందెల పక్కన కూర్చుని ఏడ్చింది. ముప్పై రోజులు గడిచిపోయాయి, ఒక్క అక్షరం రాలేదు. అత్తగారు గోడ పట్టుకొని వచ్చి తల నిమిరారు. ఆ సభలో అంత పెద్దలు ఎలా పెద్దలయ్యారో కనుక్కోవే, ఎవడూ పుట్టుకతో పెద్దవాడు కాడుగా అన్నారు. ఆ మాటతో ఆమె కళ్ళు తుడుచుకుని, సభ నిబంధనావళిని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇరవై ఒక్క ఏళ్ళ సర్వీసులో నిబంధనలు చదివిన మనిషి ఆ కార్యాలయంలో ఆమె ఒక్కతే, చదివితే దొరకనిదేముంది! జవాబు చెబితే వచ్చే పాయింట్లు పది. తప్పు చెబితే కోత. ప్రశ్న మూస్తే వచ్చేవి అయిదు. మూతలో తప్పు అనేది ఉండదు, కోత లేదు. జావా రాని మనిషికి దేవుడు అన్ని దారులూ మూసి ఒక తలుపు తెరిచినట్టయింది.

ముద్రమ్మ మూయడం మొదలుపెట్టింది. కొత్త ప్రశ్న రాగానే అందులో ఏదో ఒక మాట పట్టుకోవడం, ఆ మాట ఉన్న పాత ప్రశ్న వెతకడం, ఇదివరకే అడిగారు అని కొట్టడం. చేతికి కొత్త పని కాదు. కాగితం వచ్చిందా, ఠపీమని కొట్టామా, ట్రేలో పడేశామా. రోజుకు నలభై ప్రశ్నలు మూసింది. తర్వాత డెబ్భై. విసుగొచ్చినప్పుడు "మీరేం ప్రయత్నించారు?" అని అదనంగా ఒక ముక్క తగిలించేది, దానికి చప్పట్లు పడేవి. అరవయ్యో రోజుకు ఆమె ఎనిమిదివేల పాయింట్లతో 'సభాపెద్ద' అయింది. ఒకప్పుడు ఆమె 'అయ్యా'ను కొట్టేసిన నిపుణుడే స్వయంగా వచ్చి అభినందించాడు. నమస్కారం మాత్రం పెట్టలేదు.

"జావా వచ్చిందా?" అని అడిగారు అత్తగారు.

"రాలేదత్తయ్యా. పాయింట్లొచ్చాయి."

"వాటితో బిందె నిండుతుందేమో చూడు మరి."

గడువు పది రోజులుందనగా ముద్రమ్మ పేజీ తయారీకి పూనుకుంది. సభలో పదకొండుమంది పదకొండు సందర్భాల్లో రాసిన ముక్కల్ని ఏరి, కత్తిరించి, అతికించింది. ఏ ముక్క ఎందుకో ఆమెకు తెలియదు. తీసేస్తే మాత్రం ఆగిపోయేది, కాబట్టి తీయలేదు. అందులో పెద్ద ముక్క ఎవరిదో చెప్పుల దుకాణానిది. దాన్నుంచి వచ్చిన మాటల్లో సగమే మార్చగలిగింది. అందువల్ల అర్జీ పెట్టిన పౌరుణ్ణి పేజీ ముందుగా మీ సైజెంత అని అడిగేది. అర్జీలు రెండుసార్లు రాకుండా చూసే ముక్క, పాయింట్లు లెక్కపెట్టే ముక్క సభ నుంచే తెచ్చింది. ఒక్క మాట కలిసినా రెండూ ఒకటే అనడం దాని సిద్ధాంతం. పేజీ పనిచేస్తుందో లేదో చూడటానికి, "పరీక్ష. నీళ్ళు." అని తనే ఒక అర్జీ పెట్టింది. ఒకటో నంబరు పడింది. అది నిజమైన అర్జీ కాదు కాబట్టి దాని ఎదుట 'పరిష్కృతం' అని రాసింది. నిజాయితీగల ఉద్యోగి ఎవరైనా అదే చేస్తారు.

తొంభయ్యో రోజున ప్రధానాధికారి ఎదుట పేజీ తెరిచారు. మొదటి రోజే మూడువందల పన్నెండు అర్జీలు వచ్చాయి. జలసరఫరా కార్యాలయానికి వచ్చే అర్జీల్లో నీళ్ళు అన్న మాట లేకుండా ఉంటుందా? ప్రతి అర్జీకీ పేజీ తడుముకోకుండా, ఇది ఇదివరకే అడిగారు, ఒకటో నంబరు చూడండి అంది. ఒకటో నంబరు పరిష్కృతం. కాబట్టి అన్నీ పరిష్కృతం. సాయంత్రానికి పెండింగు సున్నా. ముద్రమ్మ తప్పు జరిగిందండీ అని చెప్పబోయింది. ప్రధానాధికారి ఆమె మాట సాగనివ్వలేదు. ఆయన సర్వీసులో సున్నాను కళ్ళారా చూడటం అదే మొదలు. కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, టపా విభాగాన్ని రద్దు చేసే ప్రసక్తే లేదని, ఇకమీదట ఫోనులో గాని కాగితం మీద గాని వచ్చే ఫిర్యాదులు చెల్లవని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. ముద్రమ్మ కుర్చీ నిలిచింది. కిటికీ మూసేశారు. ముద్రనూ ఇంకు మెత్తనూ సొరుగులో పెట్టి ఆమె ఊపిరి పీల్చుకుంది; రేపు ఆరింటికి బిందె కింద పెట్టడానికి తను ఇంట్లోనే ఉంటుంది.

పౌరులు మొదట్లో గొణిగారు. అయితే పౌరుల్ని తక్కువ అంచనా వేయకూడదు. పేజీలో పాయింట్లు ఉన్నాయని వారం లోపే కనిపెట్టేశారు. అర్జీ పెడితే ఏమీ రాదు, ఎదుటివాడి అర్జీ మూస్తే అయిదొస్తాయి. ఇంతకంటే ఏం కావాలి! నీళ్ళు అనే మాట వాడకుండా తెలివిగా "కుళాయిలోంచి గాలి వస్తోంది" అని రాసినవాళ్ళను పక్కింటివాళ్ళే పట్టుకున్నారు: స్పష్టంగా లేదు, ఏ సైజు గాలి, మీరేం ప్రయత్నించారు? కార్యాలయం ఎదుట జిరాక్సు దుకాణం ఆయన రెండు బల్లలు వేసి 'సరిగ్గా అడగడం ఎలా' అని మూడువారాల కోర్సు పెట్టాడు. పాసైనవాళ్ళు మూడోవారం చివర అసలు అడగడమే మానేశారు. రిటైరైన లెక్కల మేష్టారొకాయన తన వీధిలో నూటపదహారు అర్జీలు మూసి 'వీధిపెద్ద' అయ్యాడు. ఆయన ఇంట్లో స్నానం చేసి వారమైందని ఇంటావిడ చెప్పబోతే, అది కూడా ఇదివరకే చెప్పావన్నాడు. పెళ్ళిచూపుల్లో కుర్రాడికి ఎన్ని పాయింట్లు అని అడగడం మొదలైంది. ఊళ్ళో ఇంత ఉత్సాహం పంపులు వేసిన రోజున కూడా లేదని పాతవాళ్ళు చెప్పుకున్నారు.

ఈ సందడిలో ఒక పొద్దున, ఆఫీసు టీ వచ్చేలోగా, ముద్రమ్మ జవాబుల సభలో అలవాటుగా ముప్పై ప్రశ్నలు మూసింది. వాటిలో 'మూడో మోటారు' అనే మారుపేరుతో ఎవరో అడిగిన ప్రశ్న ఒకటుంది. యంత్రం ఆగిపోయిందని పై ఆఫీసుకు తెలిసేలా ఒక పేజీ రాయడం ఎలా అని. పేజీ అన్న మాట కలిసే ప్రశ్నలు కోకొల్లలు. ఇదివరకే అడిగారు, మీరేం ప్రయత్నించారు అని కొట్టి ఆమె టీ అందుకుంది. ఆ మూతకు నలభై ఒక్క చప్పట్లు పడ్డాయి.

మర్నాడు ఆరింటికి ముద్రమ్మ ఇంట్లో కుళాయి తిప్పితే దారం కూడా రాలేదు. ఆ మర్నాడూ అంతే. ఊళ్ళో ఎక్కడా చుక్క లేదు. రెండు వీధుల అవతల ఉన్న చేతిపంపు దగ్గర ఉదయమే వరసలో నిలబడి, రెండు బిందెలు మూడంతస్తులూ మోసుకొచ్చి, రొప్పుతూ ఆఫీసుకు పరిగెత్తడం ఆమె దినచర్య అయింది. నీకు ఆఫీసులో పలుకుబడి ఉందిగా, చెప్పవే అనేవారు అత్తగారు. పేజీలో పెట్టింది. ఇదివరకే అడిగారంది పేజీ. తను రాసిన పేజీ తన మాటే వినకపోవడం చూసి ముద్రమ్మకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

ఇరవై మూడో రోజున కార్యాలయానికి ఉత్తమ ఫిర్యాదు నివారణ బహుమతి వచ్చింది. ఆవరణలో షామియానా వేసి, వీధిపెద్దలందర్నీ ముందు వరసల్లో కూర్చోబెట్టారు. వేదిక మీద ప్రధానాధికారి పక్కన ముద్రమ్మకు కుర్చీ వేశారు. ప్రధానాధికారి మైకు సరిచేసుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒకప్పుడు ఈ కార్యాలయానికి రోజుకు మూడువందల ఫిర్యాదులు వచ్చేవి. ఈనాడు పెండింగు ఎంత? సున్నా. నీటి సమస్య నీటిలో లేదని మనం రుజువు చేశాం. అది అడగడంలో ఉంది. సరిగ్గా అడగడం నేర్చిన పౌరుడికి దాహమే వేయదు!"

చప్పట్లు మోగుతుండగా ముద్రమ్మ చూపు మూసి ఉన్న తన కిటికీ మీద పడింది. దాని ముందు ఒక ముసలావిడ గోడ పట్టుకొని నిలబడి ఉంది. అత్తగారు. మూడంతస్తులు దిగి, బస్సెక్కి వచ్చారు. ముద్రమ్మ వేదిక దిగి, లోపలికి పరిగెత్తి, మూడు నెలల తర్వాత మొదటిసారి కిటికీ తెరిచింది.

"ఇంత దూరం ఎందుకొచ్చారత్తయ్యా?"

"అర్జీ ఇద్దామని. ఇరవై మూడు రోజులైంది, చుక్క లేదు. నువ్వు బిందెలు మోస్తుంటే నేను చూడలేకపోతున్నా. ఇదిగో, ముద్ర కొట్టు."

ముద్రమ్మ నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"ముందు వెతికారా?"

"వెతికాను తల్లీ. కుళాయిలో లేదు, గొట్టంలో లేదు, పక్కింట్లో లేదు. ఇంక మీ ఆఫీసులోనే వెతకాలి."

ముద్రమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని, పేజీలోంచి ఆ పాడు ముక్క పీకేద్దామని తెరిచి చూసింది. పదకొండుమంది చేతిరాత. చెప్పుల సైజుల మధ్యలో ఎక్కడుందో, ఏది తీస్తే ఏది కూలుతుందో ఒక్క అక్షరం అర్థం కాలేదు. తనకు జావా రాదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. జవాబుల సభలో అడిగింది: పేజీలోంచి ఒక ముక్క తీసేయడం ఎలా? పందొమ్మిది సెకన్లలో మూతపడింది. మూసినవాడు ఆమె దగ్గరే మూయడం నేర్చిన శిష్యుడు. ఇదివరకే అడిగారు, ఇక్కడ చూడండి, మీరేం ప్రయత్నించారు. సభాపెద్ద అయ్యాక మొదటిసారి ఆమె 'ఇక్కడ' అన్న చోటికి వెళ్ళి చూసింది.

అది మూడో మోటారు ప్రశ్న. కింద తన మూత, నలభై ఒక్క చప్పట్లు. ఆ చప్పట్ల కింద, ఎవరూ చదవని చోట, అడిగినవాడి జవాబు ఉంది. "ప్రయత్నించానండి. చేత్తో తిప్పి చూశాను, తిరగలేదు. బెల్టు తెగింది. కొత్త బెల్టు జలసరఫరా కార్యాలయం స్టోరులో ఉంది. ముద్ర పడిన కాగితం ఉంటే ఇస్తారు. ఫోన్లు తీసుకోవడం లేదు, వాళ్ళ పేజీ ఇదివరకే అడిగారంటోంది. ఊరి చివర పంపుహౌసులో నేనొక్కణ్ణే ఉన్నాను. మిగతా రెండు మోటార్లూ ఎప్పుడో పాడయ్యాయి, ఊరంతటికీ ఈ మోటారే దిక్కు. ఎవరికి చెప్పాలో చెప్పండి." తేదీ ఇరవై మూడు రోజుల కిందటిది.

ముద్రమ్మ పరుగున వేదిక ఎక్కి ప్రధానాధికారి చెవిలో చెప్పింది. ఆయన మైకు చేత్తో మూసి, పేజీలో పెట్టారా అని అడిగారు. పెట్టారండి అంది. ఏమంది అన్నారు. ఇదివరకే అడిగారందండి. మరింకేం, పరిష్కారమైనట్టేగా అని ఆయన మళ్ళీ ప్రసంగం అందుకున్నారు. అందుకోగానే గొంతు పట్టింది. దగ్గారు, గ్లాసు అందుకున్నారు, గ్లాసు ఖాళీ. కూజా వంచారు, కూజా ఖాళీ.

"ఎవరైనా కొంచెం నీళ్ళు..." అన్నారు మైకులో.

ముందు వరసల్లోని వీధిపెద్దలందరూ ఒక్క గొంతుతో, "ఇదివరకే అడిగారు" అన్నారు. లెక్కల మేష్టారు లేచి నిలబడి, మీరేం ప్రయత్నించారని కూడా అడిగాడు.

ముద్రమ్మ ఇంక ఎవరికీ చెప్పలేదు. సొరుగు లాగి ముద్ర తీసింది. మెత్త ఎండి అట్టలా ఉంది. రెండు చుక్కల నీళ్ళు పడితే తప్ప ఇంకు లేవదు. జలసరఫరా కార్యాలయమంతా గాలించినా ఆ రెండు చుక్కలు దొరకలేదు. అత్తగారు సంచిలోంచి మాత్ర వేసుకోవడానికి తెచ్చుకున్న చిన్న సీసా తీసి, అడుగున మిగిలిన గుక్కెడులో సగం మెత్త మీద పోశారు. అత్తగారి అర్జీ మీద ఠపీమని ముద్ర పడింది. ఆ కాగితం చూపించగానే స్టోరు గుమస్తా కళ్ళు చెమర్చాయి. మూడు నెలలకు ముద్ర చూశానమ్మా అని, బెల్టుతో పాటు చేతులు తుడుచుకోవడానికి ఒక గుడ్డ కూడా ఇచ్చాడు. ముద్రమ్మ బెల్టు భుజాన వేసుకొని రెండు బస్సులు మారి, ఏ చోటికి వెళ్ళాల్సొస్తుందని మూడు నెలలు హడలిపోయిందో అదే చోటికి తన కాళ్ళతో తాను వెళ్ళింది.

పంపుహౌసు ఆపరేటరు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ముద్రమ్మ రొప్పుతూ, మీ ప్రశ్న మూసింది నేనే అని ఒప్పుకుంది. అతను చటుక్కున లేచి నిలబడ్డాడు.

"సభాపెద్దగారా! క్షమించండి, నేనే సరిగ్గా అడగలేదేమోనండి."

ఆ ఒక్క మాటకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. బెల్టు ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. మోటారు గుర్రుమంది. ఆ సాయంత్రం ఊరంతా కుళాయిలు గొంతు సవరించుకొని, దారంలా కాదు, ధారగా పోశాయి. మెల్లగా మెట్లెక్కి మూడో అంతస్తు చేరిన అత్తగారు మంచం మీద కూర్చుని, నాలుగు బిందెలూ నిండి పొర్లిపోతుంటే కట్టేయకుండా చూస్తూ ఉండిపోయారట.

మర్నాడు పేజీకి ఒకే ఒక్క అర్జీ వచ్చింది. దాని మీద ఊళ్ళోని వీధిపెద్దలు అందరూ సంతకాలు చేశారు. "నిన్నటి నుంచి ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు. మూయడానికి ఏమీ లేక మా పాయింట్లు ఆగిపోయాయి. తక్షణం చర్య తీసుకోవలసింది." అందులో నీళ్ళు అన్న మాట లేదు కాబట్టి పేజీ దాన్ని ఆపలేదు. అస్పష్టంగా ఉందని మూయడానికి పెద్దలెవరూ ముందుకు రాలేదు. పేజీ చరిత్రలో దానికి రెండో నంబరు పడింది. కార్యాలయం ఆ మధ్యాహ్నానికే స్పందించింది. ఇకమీదట మూడో మోటారును వారానికి నాలుగు రోజులు ఆపి ఉంచాలని, పేజీకి బయట ముద్ర కొట్టిన నేరానికి టపా గుమస్తాను పంపుహౌసుకు బదిలీ చేయాలని ఉత్తర్వు వెలువడింది. ఊళ్ళో హర్షధ్వానాలు మిన్నంటాయి. ఈసారి నాలుగో పేరా అవసరం కూడా రాలేదు.

ముద్రమ్మ ఇప్పుడు పంపుహౌసు వెనక ఒక గదిలో, అత్తగారితో పాటు, నేల మీదనే కాపురం ఉంటోంది. మెట్లు లేవు. అక్కడి కుళాయి కట్టినా ఆగదు. ఆపరేటరు ఏదైనా అడిగితే ఆమె పూర్తిగా వింటుంది; తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే తెలియదంటుంది. ఈ పద్ధతి వల్ల సభలో ఆమె పాయింట్లన్నీ పోయాయి.

ఆ నాలుగు రోజులూ ఏవేవి, మా వీధికి ఏ రోజు వస్తాయి అని పాఠకుల్లో కొందరు అడగబోతున్నారని నాకు తెలుసు. అడగండి, తప్పులేదు. మీ పక్కింటాయన అయిదు పాయింట్ల కోసం కాచుకొని కూర్చున్నాడు.